కరెంటు బీడీ

గొర్రెపిల్ల ప్రాణం పోవడానికి ముప్పావు గంట పట్టింది. అంతసేపూ దాని తల జానమ్మ ఒళ్ళోనే ఉంది. అది ఎందుకు చస్తోందో ఆ దొడ్డిలో, ఆ ఊళ్ళో, ఈ లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

మొదట నోట్లోంచి చొంగ కారింది. తర్వాత ముందరి కాళ్ళు వణికాయి. చివరకు నాలుగు కాళ్ళూ నీళ్ళలో ఈదుతున్నట్టు గాల్లో తన్నుకుని ఆగిపోయాయి. తడక అవతల దాని తల్లి బొల్లి గొంతు పోయేదాకా అరిచింది. నుదుట తెల్లమచ్చ ఉన్న ముసలి గొర్రె అది. మందకు అదే ముందు. అది కదిలితే మిగతా అరవై కదులుతాయి, అది ఆగితే ఆగుతాయి.

జానమ్మ పిల్ల చెవి మడత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. మామిడిపండు వాసన.

పొద్దున ఆమె చేసింది చిన్న పని. వానాకాలం కదా, పిల్లల చెవుల్లో, చంకల్లో గోమార్లు పట్టాయి. రక్తం తాగి తాగి శనగగింజల్లా ఉబ్బిపోయాయి. గోమార్లకు జానమ్మ ఎరిగిన మందు ఒకటే. మొగుడు కురుమయ్య తాగి పారేసిన బీడీ ముక్కలు ఏరుకొచ్చి, పొగాకు విదిలించి, రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళలో గుడ్డ ముంచి రుద్దేది. ఆమె అత్త అంతే చేసింది, అత్త అత్తా అంతే చేసి ఉంటుంది. కానీ పది నెలలుగా ఆ ఇంట్లో బీడీ ముక్క లేదు. కొడుకు మల్లేశ్ హైదరాబాదు నుంచి కరెంటు బీడీ తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. పెన్ను లాంటి గొట్టం. చిన్న సీసాలోని మందు అందులో పోసి మీట నొక్కితే కొస నీలంగా వెలుగుతుంది, పీలిస్తే ఆవిరి వస్తుంది. "గీ సీసల ఉన్నది పొగాకు సారమేనే అమ్మా, మసి ఉండదు, బూడిద ఉండదు" అన్నాడు మల్లేశ్.

పొగాకు నీళ్ళకే గోమార్లు రాలితే, సారానికి ఇంకెంత బాగా రాలాలి! గూట్లోంచి కొత్త సీసా తీసింది. సగం వంచి ఆముదంలో కలిపింది. అన్నిటికంటే ఎక్కువ గోమార్లు పట్టిన పిల్లను ముందు పట్టుకుని, చెవులకూ చంకలకూ దట్టంగా పట్టించింది. పిల్ల విడిపించుకుని, ఒళ్ళంతా నాక్కుంది. గోమార్లు రాలాయి. వాటి వెనకే పిల్లా రాలింది.

సీసా మీద చీమల బారులా ఇంగ్లీషు రాత ఉంది. ఆ చీమలు ఏం చెబుతున్నాయో జానమ్మకు తెలియదు.

కుంట నుంచి గొర్రెలను మళ్ళించుకొచ్చిన కురుమయ్య తడక తీసి లోపలికి అడుగు పెట్టి ఆగిపోయాడు.

"ఏందే, గట్ల కూసున్నవ్?"

"పిల్ల పోయింది."

భుజం మీది గొంగడి తీసి తడక మీద వేశాడు. వంగి పిల్ల కనురెప్ప ఎత్తి చూశాడు, దవడ నొక్కి నోరు చూశాడు, కడుపు మీద వేలితో కొట్టి విన్నాడు. నలభై ఏళ్ళుగా చస్తున్న గొర్రెలనూ బతుకుతున్న గొర్రెలనూ చూసిన చేతులు అవి. ఏదో చెప్పబోయి జానమ్మ నోరు తెరిచింది. అంతలో అతనే తేల్చేశాడు.

"జొన్న పిలకలు కొరికిందే. నిన్న మందంత జంగయ్య జొన్న చెల్కల దూరింది. జొన్న కోసిన కాడ కొత్త పిలకలు వచ్చినయ్, అవి విషమే గదా! నేనే సూస్కోలే. గీ గొట్టం నోట్ల వెట్టుకొని ఏటో సూస్కుంట కూసున్న. తప్పు నాదే."

జానమ్మ నోరు మూసుకుంది.

విషం తిన్న పిల్లను కోయరు, తోలు తీయరు. కురుమయ్య గడ్డపార తీసుకుని గట్టు దిగువన గుంత తవ్వాడు. పది నెలల కిందట అయితే అంత గుంత తవ్వడానికి నాలుగుసార్లు కూలబడేవాడు. ఇప్పుడు ఒక్కసారే ఆగాడు. గడ్డపారకు గడ్డం ఆనించి ఊపిరి పీల్చుకున్నాడు, మళ్ళీ తవ్వాడు. ఆ ఊపిరి వంకే చూస్తూ నిలబడింది జానమ్మ. నిజం చెబితే ఏమవుతుంది? గొట్టాన్ని రాయి మీద పెట్టి పగలగొడతాడు. తన గొర్రెను చంపినదాన్ని తన నోట్లో పెట్టుకునే మనిషి కాదు. రేపటి నుంచి మళ్ళీ బీడీ. మళ్ళీ ఆ దగ్గు, గోడకు ఆనుకుని కూచునే ఆ నిద్ర.

చెప్పలేదు. ఖాళీ అయిన సగం సీసాలో కాసిని కాచిన నీళ్ళు కలుపుదామా అని కూడా ఒక క్షణం ఆలోచించింది. భయం వేసి అలాగే గూట్లో పెట్టేసింది, ఈసారి పై అరలో, చేయి అందనంత ఎత్తున.

*

మర్నాడు సోమవారం, పొద్దు వాలుతుండగా పరశురాములు మోటారు సైకిలు మీద వచ్చాడు. మహబూబ్‌నగర్‌లో గడియారం చౌరస్తా దగ్గర అతనికి సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఈ గొట్టాలూ సీసాలూ అమ్మేది ఆ చుట్టుపక్కల అతనొక్కడే. నెలకు రెండు సీసాలు కొనే కురుమయ్య అతనికి చిన్న బేరమే కానీ, ఆ రోజు మాత్రం పెద్ద మనిషి.

"కాకా, నువ్వు రేపు పట్నం రావాలె, మన మహబూబ్‌నగర్‌కే. పెద్ద ఆఫీసర్లు వస్తుండ్రు. కరెంటు బీడీ మీద రాష్ట్రపోళ్ళు పన్ను వేస్తరట. ఎవలకన్న అభ్యంతరం ఉంటే చెప్పుకొమ్మన్నరు. పన్ను వడ్డదంటే నాలుగొందల సీస ఏడొందలైతది."

"ఏడొందలా!" కురుమయ్య గొట్టాన్ని నోట్లోంచి తీసి, అది తనకు తెలియకుండా ఏదైనా చేసిందేమో అన్నట్టు చూశాడు. "మరి నువ్వే చెప్పరాదురా. మాటకారివి."

"నేను చెప్తే దుకాణపోడు లాభం కోసం ఒర్లుతుండు అంటరు. నువ్వు చెప్తే ఇంటరు."

"నేనేం మాట్లాడుతరా, గొర్లతోని మాట్లాడెటోన్ని!"

"ఆఫీసర్లు గూడ గంతే కాకా. ముందటిది ఎటు వోతే అన్ని అటే వోతయి. నువ్వు గా ముందటిదాన్ని అదిలించు సాలు."

కురుమయ్య పగలబడి నవ్వాడు. నవ్వితే దగ్గు రాకపోవడం పది నెలలుగా ఆ ఇంట్లో వేడుక. జానమ్మ పొయ్యి దగ్గర రొట్టె చరుస్తూ ఆ దగ్గు రాని నవ్వును చివరిదాకా విన్నది.

"బొల్లిని అదిలించుడే నాతోని అయితలేదురా" అన్నాడు కురుమయ్య. "గీ మామిడి వాసన వట్టినప్పటి సంది అది నా దగ్గరికొస్తలేదు. ఏడేండ్లు నా బీడీ వాసన పట్టుకొని నడిసింది. ఇప్పుడు సూస్తది, గుర్తు వడ్తది, దగ్గరికి మాత్రం రాదు. నా పెండ్లాం ఒప్పుకున్నది గని అది ఒప్పుకుంటలేదు."

"ఒక్క మాట యాదికుంచుకో కాకా. గిది నీళ్ళ లెక్క సాఫ్ అను. ఎవ్వలకు ఏం గాలే అను. గంతే సాలు."

రొట్టె చరుస్తున్న చేయి ఆగింది. "బిడ్డా పరశురాములూ, గా సీసలది మీద వడితె ఏమైతది?"

"ఏమైతది సిన్నమ్మా, మామిడి వాసనొస్తది."

"నోట్లకు వోతే?"

"ఎవలు తాగుతరు సిన్నమ్మా! మా బిడ్డ అనూహ్య లేదా, నాలుగేండ్ల పోరి, దుకాణంల సీసలన్ని వరుసగ సర్దేది అదే. ఏమన్న అయిందా?"

రొట్టె పెంకు మీద మాడింది. కొన్నేళ్ళలో జానమ్మ చేతిలో మాడిన మొదటి రొట్టె అది.

*

హాలులో పంకాలు తిరుగుతున్నాయి, గాలి రావడం లేదు. వేదిక మీద విచారణ అధికారి రామచంద్రయ్య, ఆయన పక్కన కాగితాల కట్టతో గుమాస్తా ఎల్లేశం. కుర్చీల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. పన్ను వేయాలనే వాళ్ళు ఎడమ పక్క, వద్దనే వాళ్ళు కుడి పక్క, మొగుడితో వచ్చిన జానమ్మ కూడా అటే. పరశురాములు భార్యనూ కూతురినీ కూడా తీసుకొచ్చాడు. ముందు బల్ల మీద రంగురంగుల సీసాలు నమూనాకని పేర్చి పెట్టాడు.

ఎడమ పక్కన ఒక కాలేజీ పంతులు లేచి, ఈ గొట్టాలు తమ పిల్లల జేబుల్లో దొరుకుతున్నాయనీ, ధర పెరిగితేనే వాళ్ళ చేతికి అందవనీ చెప్పాడు. అతని మాటలో అబద్ధం ఉన్నట్టు జానమ్మకు అనిపించలేదు. తర్వాత కురుమయ్యను పిలిచారు.

అతను గొంగడి భుజాన వేసుకునే వేదిక దగ్గరకు వెళ్ళాడు. మైకును ఎవరో తన వైపు వంచితే, అది కరుస్తుందేమో అన్నట్టు ఒక అడుగు వెనక్కు వేశాడు. పరశురాములు నేర్పిన మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"సారూ, నేను పండుకుంటున్న" అన్నాడు.

ఎవరో నవ్వారు. రామచంద్రయ్య కళ్ళజోడు పైకి లాక్కున్నాడు. "అంటే?"

"పదేండ్లు కూసోనే నిద్రవోయిన సారూ. పండుకుంటే పానం వోయినట్టే అయితుండె. బీడీ రోజుకు రెండు కట్టలు. దవాఖానల డాక్టరమ్మ ఎక్స్‌రే సూపిచ్చి, ఇంకో సలికాలం బీడీ తాగితే నీ గొర్లను ఎవలకన్న ఒప్పజెప్పుకో అన్నది. మానుదమంటే మానొస్తలేదు. మూడుసార్లు మానిన, మూడుసార్లు పట్టిన. గీ గొట్టం వచ్చినంక బీడీ ముట్టలే. ఇప్పుడు మంచిగ కాళ్ళు సాపుకొని పండుకుంటున్న. గుట్ట ఎక్కేటప్పుడు ఒక్కపారే ఆగుతున్న."

నవ్విన మనిషి తల దించుకున్నాడు.

"బీడీ అగ్గువ సారూ, గిది పిరం. పిరమైనదాన్ని ఇంకింత పిరం జేస్తిరనుకో, నాసొంటోడు యాడికి వోతడు? సక్కగ బీడీ కాడికే వోతడు. గంతే సారూ. తప్పు మాట్లాడితే మాఫ్ జెయ్యున్రి."

చప్పట్లు కొట్టారు. కుడి పక్కే కాదు, ఎడమ పక్క కూడా ఒకరిద్దరు కొట్టారు. జానమ్మకు కళ్ళు చెమ్మగిల్లాయి. కొంగుతో తుడుచుకుని చూస్తే, ముందు బల్ల దగ్గర నాలుగేళ్ళ పిల్ల నిలబడి ఉంది. చేతిలో పసుపురంగు సీసా. మూత పళ్ళ మధ్య పెట్టుకుని తిప్పుతోంది.

పిల్ల తల్లి సెల్‌ఫోన్‌లో కురుమయ్య ఫోటో తీస్తోంది. తండ్రి చప్పట్లు కొడుతున్నాడు. మూత ఊడింది.

జానమ్మ ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. కుర్చీ ఒకటి పడింది. పిల్ల చేతిలోంచి సీసా ఊడలాక్కుని, పిల్ల నోట్లో వేలు పెట్టి తుడిచి, ఆ వేలు తన చీరకు రుద్దుకుంది. పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. హాలు హాలంతా అటు తిరిగింది.

"ఏంటమ్మా, ఏమయింది?" అన్నాడు రామచంద్రయ్య.

"గిది నోట్లకు వోతే సస్తది సారూ."

"సిన్నమ్మా!" పరశురాములు పంటి బిగువున అన్నాడు. "ఏం మాట్లాడుతున్నవ్?"

జానమ్మ మొగుడి వైపు చూసింది. అతనింకా మైకు దగ్గరే ఉన్నాడు. ఇక్కడ నోరు మూసుకుంటే, ఈ పిల్ల రేపు దుకాణంలో మళ్ళీ సీసాలు సర్దుతుంది. నోరు తెరిస్తే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు.

"మొన్న మా గొర్రెపిల్ల సచ్చింది జొన్న పిలకలు తిని గాదు" అంది, ఆఫీసరుతో కాదు, కురుమయ్యతోనే. "గోమార్లు రాలుతయని గీ మందు నేనే రుద్దిన. నాక్కున్నది. ముప్పావు గంటల పోయింది."

కురుమయ్య చేయి మైకు కడ్డీ మీద నుంచి నెమ్మదిగా జారింది.

రామచంద్రయ్య గుమాస్తా వైపు తిరిగాడు. "రాసుకో ఎల్లేశం. 'ద్రవం విషపూరితం. సాక్షి సొంత గొర్రెపిల్ల మరణించినది.'"

"ఇంకోటి గూడ రాయున్రి సారూ" జానమ్మ బల్ల దగ్గరకు వెళ్ళింది. "పన్ను వెయ్యొద్దు. నా మొగని పానం గీ గొట్టం మీదనే ఉన్నది. సీస మీద తెలుగుల రాయమనున్రి. విషమైతే విషమని రాయమనున్రి, పిల్లలకు అందనియ్యొద్దని రాయమనున్రి. బొమ్మన్న వెయ్యమనున్రి, సదువు రానోళ్ళకు. గంతే. పన్ను మాత్రం..."

"చెప్పారు కదమ్మా, రాసుకున్నాం. తర్వాతి వారు రావాలి."

ఎల్లేశం కలం అప్పటికే మూత పెట్టేసి ఉంది. ఆమె చెప్పిన రెండో సగం ఆ కాగితం మీదకు ఎక్కలేదు.

*

ఊరికి పోయే కోయిలకొండ బస్సు సగం ఖాళీగా ఉంది. కురుమయ్య కిటికీ పక్కన కూచున్నాడు, గొట్టం జేబులోనే ఉంది. మహబూబ్‌నగర్ దాటి గుట్టలు కనిపించాక అన్నాడు.

"జొన్న పిలకలు కావన్నట్టు."

"కావు."

"జంగయ్యతోని కొట్లాడొచ్చిన నిన్న. పిలకలు ఎందుకుంచినవ్, మందు కొట్టకపోయినవా అని. పాపం, ఏం మాట్లాడలే ఆయన." భుజం మీది గొంగడి సర్దుకున్నాడు. "రెండు దినాలు నన్ను తప్పు జేసినోని లెక్క ఉండనిచ్చినవ్ జానా."

"చెప్తే గొట్టం పలగ్గొడ్తవనుకున్న."

జేబు మీద చేయి వేసుకున్నాడు.

"గా పోరికి ఏం గాలే గదా?"

"కాలే. తీసేసిన."

"అయితే మంచిగనే జేసినవ్" అని కిటికీ వైపు తిరిగాడు. మాట మంచిదే. కానీ ఆ తిరగడం వేరుగా ఉంది. ముప్పై ఏళ్ళ కాపురంలో బస్సులో అతను ఎప్పుడూ ఆమె భుజం మీదే నిద్రపోయేవాడు.

ఆ రాత్రి గొట్టాన్ని పగలగొట్టలేదు. పై అరలోంచి సీసా దించి వెలుతురులో ఎత్తి చూశాడు, సగమే ఉంది. లెక్క పెట్టినట్టు ఆరు చుక్కలు పోసుకున్నాడు. "పాముకు గూడ విషముంటది" అన్నాడు తనలో తాను. "గంత మాత్రాన సంపుతమా? కోరల దాన్ని కోరల్నే ఉంచాలె."

బుధవారం పొద్దుగూకే వేళ మల్లేశ్ ఫోన్ చేశాడు.

"అమ్మా, టీవీ సూసిన్రా? బంద్ వెట్టిన్రే. దేశమంత. కరెంటు బీడీ చేసుడు, అమ్ముడు, దాసి పెట్టుకునుడు అన్ని నేరమే అంట. జైలంట."

"పన్నా?"

"పన్ను గాదే. మొత్తానికే బంద్."

జానమ్మ దొడ్డి గోడకు ఆనుకుంది. "నిన్ననే గదరా నేను చెప్పింది" అంది. "ఒక్క దినంల ఢిల్లీ దాక పోయిందా నా మాట?"

"నీ మాటేందే అమ్మా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. లోపల కురుమయ్య కాళ్ళు చాపుకుని పడుకుని ఉన్నాడు. ఆ పొడుగాటి కాళ్ళ వంక చాలాసేపు చూసింది. అతనికి ఆ సంగతి ఆమె చెప్పలేదు. తెల్లారి హోటల్ దగ్గర చాయ్ తాగుతుంటే జంగయ్య చెప్పాడు.

*

ఆరు చుక్కలు నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి. శనివారం సీసాలో నీళ్ళు పోసి కడిగి ఆ కడుగు కూడా పోసుకున్నాడు. గొట్టం చిటపటమని మాడు వాసన వేసింది. ఆదివారం ఉత్త గొట్టాన్నే నోట్లో పెట్టుకుని మీట నొక్కాడు. నీలంగా వెలిగింది. ఆవిరి రాలేదు. అయినా పొద్దంతా నొక్కుతూనే ఉన్నాడు.

ఎన్నడూ లేనిది ఒక గొర్రెను కట్టెతో కొట్టాడు. మంద మళ్ళీ జంగయ్య చెల్కలో దూరితే, ఈసారి జంగయ్యే మళ్ళించుకొచ్చాడు. "నీ పెనిమిటి రాయి మీద కూసొని ఏటో సూస్తుండమ్మా, పిలిస్తె పలుకుతలేడు" అని చెప్పి పోయాడు.

సోమవారం పొద్దున జానమ్మ మహబూబ్‌నగర్ బస్సెక్కింది.

పరశురాములు దుకాణంలో గాజు అర ఖాళీగా ఉంది, పక్కన సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. ఆమెను చూసి అతను ముఖం తిప్పుకున్నాడు.

"లేవు సిన్నమ్మా. ఉన్నయన్ని మోరీల పారవోసిన. దొరికితే జైలు."

"ఒక్కటన్న..."

"బిడ్డ మీద ఒట్టు. ఒక్కటి గూడ లేదు." దుకాణం మెట్టు మీద అనూహ్య ఖాళీ కవర్లను వరుసగా పేర్చుకుంటోంది. అతను కూతురి వైపు చూశాడు. "ఆరోజు నిన్ను నోటికొచ్చినట్టు తిడుదమనుకున్న సిన్నమ్మా. ఇంటికి పోయి సీసల డబ్బ సూస్తే, ఇంకో రెండింటికి గూడ మూతల మీద పోరి పండ్ల గాట్లున్నయ్." లోపలికి వెళ్ళి చల్లని నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

అక్కడి నుంచి ఆమె నడుచుకుంటూ విచారణ జరిగిన ఆఫీసుకు వెళ్ళింది. ఆమె అసలు పని అదే. గుమాస్తా ఎల్లేశం బల్ల ముందు నిలబడి, దారంతా కూడబలుక్కున్న మాట చెప్పింది.

"కొడుకా, ఆ దినం నేను చెప్పిన మాట కొట్టెయ్యి. నా మాట వట్టుకొని ఢిల్లీల బంద్ వెట్టిన్రు. తప్పు చెప్పిన్నని రాసుకో. ఏలు ముద్ర వేస్త."

ఎల్లేశం ముందు నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. లేచి బీరువా తెరిచాడు. పై అరలోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్ర దారం, ఆ దారానికి వేసిన ముడి, ముడి మీద సన్నని దుమ్ము.

"గిదేనవ్వా మీ కట్ట. ఆ దినం నేనే కట్టిన ముడి. గీ బీరువా దాటలేదు."

"మరి ఢిల్లీకి?"

"ఢిల్లీకాడికి యాడిది, పై అంతస్తుకే పోలే. వాళ్ళది వాళ్ళ లెక్క, మనది మన లెక్క. ఇప్పుడు సరుకే లేకపాయె, పన్నెక్కడిది? పన్ను లేకుంటే గీ విచారణెందుకు? పక్కన పెట్టుమన్నరు."

"నేను చెప్పింది ఎవలు సదవలేదా?"

"లేదవ్వా."

"ఆయన చెప్పింది?"

"అది గూడ గిందులనే ఉన్నది."

జానమ్మ ఆ కట్ట మీద అరచేయి వేసింది. తన తప్పు కాదు. అయిదు రోజులుగా గుండె మీద కూచున్న బండ లేవాలి కదా! లేవలేదు. పదేళ్ళ తర్వాత కాళ్ళు చాపి పడుకున్న మనిషి మాట కూడా ఆ ముడి కిందే, దుమ్ము కిందే ఉంది. ఒక్క మనిషీ విననే లేదు. తన మాట వల్లే అంతా చెడిందని అనుకున్న ఈ అయిదు రోజులే నయం అనిపించింది. అప్పుడు కనీసం ఎవరో విన్నారని ఉంది.

"చాయ్ తాగుతవా అవ్వా?" అన్నాడు ఎల్లేశం. ఆమె తల అడ్డంగా ఊపింది.

మధ్యాహ్నం బెల్లు మోగింది. గేటు బయట పాన్ డబ్బాలో బీడీకట్టలు తోరణాల్లా వేలాడుతున్నాయి. ఆమె వెనకే వచ్చిన ఎల్లేశం ఒక బీడీ కొని, డబ్బాకు కట్టిన మండుతున్న తాడుకు అంటించుకుని గుండెల నిండా పీల్చాడు. డబ్బావాడు జానమ్మను అడిగాడు. "ఏం గావాలమ్మా?"

ఆమె తోరణాల వంక చూసింది. "లవంగాలున్నయా? పిప్పరమెంట్లు?"

*

ఊళ్ళో బస్సు దిగేసరికి ఎండ మెత్తబడింది. ఇంటికి పోకుండా గుట్ట దారి పట్టింది. కొంగున లవంగాల పొట్లం, పిప్పరమెంట్ల పొట్లం ఉన్నాయి. ఏం చెప్పాలో నడుస్తూ కూర్చుకుంది. బంద్ అయింది నా వల్ల కాదని చెప్పాలి. గట్టిగా ఉండుమని చెప్పాలి. నాలుగోసారి మానితే మానినట్టే అవుతుందని, రోజూ తోడుగా గుట్ట ఎక్కుతానని, తలకాయ బద్దలైనా లవంగమే నమలాలని చెప్పాలి.

గుట్ట మలుపు దాటగానే మంద కనిపించింది. చెదిరిపోయి లేదు. ఆదివారమంతా చిందరవందరగా తిరిగిన అరవై గొర్రెలు ఒక్కచోట ప్రశాంతంగా మేస్తున్నాయి. నడుమ బండ మీద గొంగడి కప్పుకుని కురుమయ్య కూచున్నాడు, ఈ వైపు వీపు పెట్టి. అతని పక్కన బొల్లి.

పక్కన అంటే ఆనుకుని. పది నెలలు అల్లంత దూరాన నిలబడి చూసిన ముసలి గొర్రె, పిల్లను పోగొట్టుకున్నాక ఇంకా దూరం జరిగిన గొర్రె, తెల్లమచ్చ ఉన్న నుదురు అతని మోకాలికి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. అతని ఎడమచేయి దాని మెడ మీద ఉంది.

గాలి అటు నుంచి ఇటు వీచడం లేదు. అయినా జానమ్మకు తెలిసిపోయింది. పొగ ఆ తర్వాత కనిపించింది.

ఆమె అక్కడే ఆగింది. కూర్చుకున్న మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి గుట్ట దిగి వెళ్ళిపోయాయి. నెమ్మదిగా నడిచి వెళ్ళి బండ మీద అతని పక్కన కూచుంది. అతను బీడీ దాచలేదు. ఆమె వైపు చూడలేదు. గొట్టం బండ కొసన ఉంది, కడిగి తుడిచి పెట్టినంత శుభ్రంగా.

"తిన్నవా?" అంది.

"తిన్న. నువ్వు?"

"తిన్న." తినలేదు.

"పట్నంల ఏమన్నరు?"

జానమ్మ బొల్లి వీపు మీద చేయి వేసింది. ఉన్నిలో వేళ్ళు తిప్పింది. "ఏమంటరు. రాసుకున్నరు. అంతా రాసుకున్నరు. నువ్వు చెప్పింది పెద్ద సార్లందరు సదివిన్రట. మంచిగ చెప్పిండు అన్నరట."

అతను తలూపాడు. ముఖం కొంచెం తేటపడింది. "గంతే సాలు తీయ్" అన్నాడు.

పిప్పరమెంట్ల పొట్లం తీసి ఇద్దరి మధ్యన పెట్టింది. అతను ఒకటి తీసుకుని బుగ్గన పెట్టుకుని, మళ్ళీ బీడీ పీల్చాడు. అప్పుడు దగ్గొచ్చింది. చిన్నదే. ఎప్పుడో ఊరు విడిచి పోయిన చుట్టం వాకిట్లో నిలబడి, ఇంట్లో ఉన్నారా అని పిలిచినట్టు. మందలో ఒక్క గొర్రె కూడా బెదరలేదు. వాటికి ఆ చప్పుడు కొత్త కాదు. తల ఎత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి.

బీడీ అయిపోయింది. బండకు రుద్ది ఆర్పి, ముక్కను పక్కకు విసిరాడు.

ఎదురుగా ఒక పిల్ల వెనకకాలితో చెవి గోక్కుంటోంది. ఆ చెవి అంచున గోమార్లు బూడిదరంగు పూసల్లా వేలాడుతున్నాయి.

జానమ్మ లేచింది. వంగి, గడ్డిలోంచి ఆ బీడీ ముక్కను ఏరింది. ఇంకా కాస్త వెచ్చగా ఉంది. ఊది, దుమ్ము దులిపి, కొంగు కొసన పెట్టి ముడి వేసుకుంది.